పెట్టెలో ఉండిపోయిన శాలువా

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మావారు పోర్టులో ఉద్యోగి. మా అమ్మాయికి 24 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం బ్యాంకు అప్పు తీసుకుని ఎం.ఎస్. చదవడానికి జర్మనీలోని డ్రెస్డెన్‌కు పంపాం. మొదట్లో రోజూ ఫోనులో ఏడ్చేది. ఇప్పుడు ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ అంటూ వీసా కూడా లేకుండా దేశాలు తిరుగుతోంది. ఫొటోల్లో ఒక పోలండ్ అబ్బాయి తరచూ కనిపిస్తున్నాడు. అడిగితే స్నేహితుడే అంటుంది. గది అద్దెకిచ్చిన పెద్దావిడను ‘ఓమా’ అని పిలుస్తుంది. అంటే బామ్మ అట. ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్తుంది, నేను పంపిన ఆవకాయ ఆవిడకు పెడుతుంది. నా మోకాళ్ల నొప్పి గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. డిసెంబరులో ఏదో సాకు చెప్పి రప్పించి సంబంధం ఖాయం చేద్దామని మావారు అంటున్నారు. బెర్లిన్‌లో ఉన్న మా అక్క కొడుకు చేత ఆరా తీయిస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన కుదించి ఇచ్చాం కానీ నేను మొత్తం రెండుసార్లు చదివాను. పోలండ్ అబ్బాయి గురించి మీరు రాసినవి మూడే వాక్యాలు. ఆ పెద్దావిడ గురించి పేజీన్నర రాశారు. బుడాపెస్ట్‌లో నది ఒడ్డున తీసుకున్న ఫొటోను ఫోనులో పెద్దది చేసి చూశానని, మీరు చందన బ్రదర్స్ దాకా వెళ్లి ఏరి కొన్న శాలువా అమ్మాయి భుజాల మీద లేదని, ఆవిడ అల్లిన బూడిదరంగు మఫ్లర్ మెడలో ఉందని రాశారు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదన్నారు. మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది ఆ అబ్బాయి కాదనుకుంటాను. మీ చోటులోకి ఇంకొకరు వచ్చి కూర్చున్నారన్న బాధ మీది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇరవై రెండేళ్లు పక్కలో పెంచుకున్న తల్లికి అది కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ముందు మీవారి భయాలు తీరుద్దాం. మీ అమ్మాయి దొంగతనంగా దేశాలు దాటడం లేదు. జర్మనీలో నివాస అనుమతి ఉన్నవారు మిగతా షెంజెన్ దేశాలకు, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఉండకూడదని ఒప్పందం చేసుకున్న ఐరోపా దేశాలకు, వేరే వీసా లేకుండా వెళ్లవచ్చు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండవచ్చు. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రైలులో సుమారు రెండున్నర గంటలు. అంటే మనం రాజమండ్రి వెళ్లినంత. ఇక అప్పు డబ్బు. వీసా కోసం మీరు ప్రత్యేక ఖాతాలో జమ చేసిన సొమ్ము ఒక్కసారిగా చేతికి రాదు. 2024 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం ఏడాదికి 11,904 యూరోలు, నెలకు 992 మాత్రమే తీసుకోగలరు. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అందులోంచే. అక్కడి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు. మీ అమ్మాయి గ్రంథాలయంలో పనిచేస్తోందని మీరే రాశారు కదా. ఆ జీతంలోంచి దాచుకుని రాత్రి బస్సెక్కి ఊళ్లు చూసి వస్తే దాన్ని విచ్చలవిడి ఖర్చు అనలేం.

సముద్రపు గాలిలో, ఎండలో పెరిగిన పిల్ల అది. డ్రెస్డెన్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మొదటి చలికాలం గదిలో ఒంటరిగా ఏడ్చిన అమ్మాయి ఇప్పుడు బయటికి వెళ్లి, మనుషులను కలిసి, నవ్వుతూ ఫొటోలు పంపుతోంది. నాకైతే ఆ ఫొటోలు చూస్తే ప్రాణం కుదుటపడేది.

ఇప్పుడు ఆ పెద్దావిడ సంగతి. మీ ఉత్తరంలో మూడో పేజీ చివర, వేరే సందర్భంలో, ఒక మాట రాశారు. అత్తగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయే నెల రోజులు రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేసిందని, మరిచిపోతానేమోనని అరచేతి మీద పెన్నుతో వేళలు రాసుకునేదని. ఆ చేయే కదమ్మా, ఇప్పుడు ఆ ముసలావిడను ఆసుపత్రికి పట్టుకెళ్తున్నది! ఆ పిల్లకు ఈ గుణం కొత్తగా జర్మనీలో అబ్బలేదు. మీ ఇంట్లో, మీ కళ్ల ముందు నేర్చుకున్నదే.

నా సంగతి ఒకటి చెబుతాను. బొబ్బిలి నుంచి ఆంధ్రా యూనివర్సిటీలో చదవడానికి వచ్చినప్పుడు నేను చినవాల్తేరులో ఒక గదిలో ఉండేదాన్ని. ఇంటావిడను అత్తయ్యా అని పిలిచేదాన్ని. ఇంటికి రాసే ప్రతి ఉత్తరంలో ఆవిడ కబుర్లే. మా అమ్మ నెలరోజులు జవాబు రాయలేదు. తర్వాత ఒకరోజు చెప్పకుండా వచ్చేసింది. అత్తయ్య భోజనం పెట్టి, చారు వడ్డిస్తూ, “ఇది మీ చారేనండీ, మీ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను, కుదిరిందో లేదో మీరే చెప్పాలి” అంది. మా అమ్మ తల వంచుకుని తినడం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. నన్ను అడగడం మానేసి మరీ! మీ ఆవకాయ రుచి చూసిన ఆ పెద్దావిడకు మీ గురించి మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

డిసెంబరు ఆలోచన మాత్రం వెంటనే మానుకోండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. అక్కడ క్రిస్మస్‌కు దొరికే సెలవులు రెండు వారాలే, ఆ తర్వాత ఫిబ్రవరిలో పరీక్షలు. ఆరోగ్యం బాగాలేదని అబద్ధం చెప్పి పిలిపించి పెళ్లిచూపులు ఏర్పాటు చేస్తే, రేపు నిజంగా ఆరోగ్యం బాగాలేక పిలిచినా మీ అమ్మాయి నమ్మదు. అక్క కొడుకును కూడా ఈరోజే ఆపండి. ఆ విషయం అమ్మాయికి ఏదో ఒకనాడు తెలుస్తుంది. అప్పటిదాకా ఆమె మీకు చెప్పాలనుకున్నవన్నీ ఆ రోజుతో గొంతులోనే ఆగిపోతాయి.

ఆ అబ్బాయి స్నేహితుడే కావచ్చు, అంతకు మించీ కావచ్చు. ఏదైనా అమ్మాయి నోటి నుంచే మీరు వినాలి. మీరు రోజూ రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తానన్నారు. అప్పుడు అక్కడ చలికాలంలో నాలుగున్నర, వేసవిలో ఐదున్నర. ట్రాములో నిలబడి ఇంటికి వెళ్తున్న పిల్లను “ఆ అబ్బాయెవరు?” అని అడిగితే స్నేహితుడనే అంటుంది, ఇంకేం చెబుతుంది? ఆదివారం తీరిగ్గా మాట్లాడండి. ముందు ప్రాగ్ గురించి అడగండి. ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, ఎవరెవరు వెళ్లారు? ఆ అబ్బాయి పేరు ఆ కబుర్లలో దానంతటదే వస్తుంది. వచ్చినప్పుడు అతని ఇంటి వాళ్లెవరు, ఏం చదువుతున్నాడు అని మామూలుగా అడగండి. మీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని కూడా చెప్పవచ్చు. తల్లిగా ఆ హక్కు మీకుంది. కానీ విన్న తర్వాత చెప్పండి. మీవారు కూడా పక్కనే కూర్చుంటే మంచిది, ఆరోజుకు వినడానికి మాత్రమే.

శాలువా ఎందుకు కప్పుకోవడం లేదని కూడా నేరుగా అడిగేయండి. అక్కడి చలికి అది ఆనకపోయి ఉండవచ్చు, పాడవుతుందని దాచుకుని ఉండవచ్చు. మీరు ఊహించిన కారణం కాదని నా మనసు చెబుతోంది.

చివరగా మీ మోకాళ్లు. అమ్మాయి అడగలేదని మొదటి పేజీలో బాధపడ్డారు. చదువులో ఉన్న పిల్ల కంగారు పడుతుందని ఆ నొప్పి సంగతి ఇంతవరకు ఆమెకు తెలియనివ్వలేదని చివరి పేజీలో మీరే రాశారు. డాక్టరుకు ఎప్పుడు చూపించుకుంటున్నారో ఈ ఆదివారం ఆమెకు చెప్పండి.