తాండూరు బండల మీద టవర్ స్పీకర్లు: స్పైక్సా, రబ్బరు ఫీటా?

నల్లగొండలో మీ ఇంట్లో కింద పాత తాండూరు బండలు, పై అంతస్తులో టైల్స్ అన్నారు. నేల మీద నిలబెట్టే పొడవాటి టవర్ స్పీకర్లకు అడుగున స్పైక్స్, అంటే మొనదేలిన లోహపు కాళ్లు, బిగించాలా, రబ్బరు ఫీట్ చాలా అన్నది మీ ప్రశ్న. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లోనూ ఈ రెండు రకాల నేలలున్నాయి, రెండు చోట్లా పెట్టి విన్నాను. టైల్స్ మీదైతే రబ్బరే పెట్టండి. బండల మీద స్పైక్స్ పనికొస్తాయి, అదీ ఊగకుండా నిలబెట్టడానికే.

స్పైక్స్ మందపాటి కార్పెట్ పరిచే ఇళ్లకు బాగా పనికొచ్చే వస్తువు. కార్పెట్‌లోంచి దిగి కింది గట్టి నేలను పట్టుకుంటాయి. మన దగ్గర దిగడానికి ఏముంది, నేలే గట్టి! 20 కిలోల స్పీకర్ నాలుగు మొనల మీద నిలబడితే ఒక్కో మొన మీద సుమారు 5 కిలోల బరువు. పాలిష్ బండ మీద తెల్ల చుక్క పడుతుంది, టైల్ గ్లేజ్ దెబ్బతింటుంది. నున్నటి టైల్ మీద జారుతుంది కూడా. పాకే పిల్లలుంటే ఇంకో టెన్షన్.

పాత బండలు ఒక మట్టంగా ఉండవు, అతుకుల దగ్గర ఎత్తుపల్లాలుంటాయి. మా హాల్లో స్పీకర్ ఒక మూల గాల్లోనే ఉండేది, పైన వేలితో నెడితే ఊగేది. స్పైక్స్‌కు మర ఉంటుంది కాబట్టి తిప్పుతూ నాలుగూ ఆనేలా సరిచేసి, లాక్ నట్టు బిగించాను. బేస్, అంటే లోతైన బరువు శబ్దం, కాస్త శుభ్రంగా అనిపించింది. మొన కింద డిస్కు తప్పనిసరి. రూపాయి బిళ్ల పెట్టినా సరే, దాని అడుగున పల్చటి కార్క్ ముక్క అతికించండి. సైకిల్ ట్యూబ్ ముక్క మాత్రం వద్దు, నల్ల రబ్బరు లేత రంగు రాయి మీద మరక వదలొచ్చు. మరల సైజు ఎం6, ఎం8 (6, 8 మిల్లీమీటర్ల మందం) ఎక్కువగా కనిపిస్తుంది, అయినా స్పీకర్‌కు ఇప్పుడున్న కాలు ఒకటి విప్పి కొట్టుకు పట్టుకెళ్లి కొనడం మంచిది.

పైన టైల్స్ గదిలో మెత్తటి రబ్బరు ప్యాడ్లు పెడితే స్లాబ్‌లోకి దిగే అదురు కొంత తగ్గుతుంది. గాలిలో వెళ్లే చప్పుడు ఎటూ వెళ్తుంది, కింద ఉన్నవాళ్లకు వినపడదని మాత్రం అనుకోకండి. బేస్ గుయ్యిమంటుంటే ముందు స్పీకర్‌ను గోడ నుంచి అడుగు, అడుగున్నర ముందుకు జరపండి. మా ఇంట్లో ఫీట్ మార్చినదానికన్నా దీనికే ఎక్కువ తేడా వచ్చింది.

బండలు నీళ్లు పోసి కడిగే ఇల్లయితే ఏ ఫీట్ అయినా కొంచెం ఎత్తైనవే తీసుకోండి. స్పీకర్ పెట్టెకు వాడే ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) అడుగు తడిస్తే ఉబ్బిపోతుంది.