14 ఇంటర్వ్యూలు అయ్యాయి, ఇక కాంట్రాక్టుకి ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి 2022లో ఈసీఈ బీటెక్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో రెండేళ్ళకు పైగా కాంట్రాక్టు మీద మాన్యువల్ టెస్టర్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు చేత్తో వెతికి పట్టుకునే పనిలో చేసింది. ప్రాజెక్టు అయిపోయిందని 7 నెలల కిందట ఆపేశారు. ఇప్పటికి 14 ఇంటర్వ్యూలు. బాగా జరిగిందంటుంది, తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తరు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ సీటూహెచ్ ఆఫర్ ఇస్తోంది, అంటే ముందు కాంట్రాక్టు, నచ్చితే తర్వాత కంపెనీలోకి తీసుకుంటారట. శుక్రవారం లోపు చెప్పమన్నారు. మేము సంబంధాలు చూస్తున్నాం, వచ్చినవాళ్ళు మొదట అడిగేదే పర్మనెంటా కాదా అని. ఇది ఒప్పుకోవాలా, పర్మనెంట్ కోసం ఆగాలా, లేక లక్షన్నర కట్టి జెన్ ఏఐ (చాట్‌జీపీటీ లాంటి ఏఐ) కోర్సు చేయించాలా? పోల్చి చెప్పండి. (నరసరావుపేట నుంచి ఒక తండ్రి)

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదండి. ఊరు మారుతుంది, బ్రాంచి మారుతుంది, మిగతాదంతా ఇదే. ఒకటి గమనించాను. ఇంటర్వ్యూలు ఎన్ని అయ్యాయో అంకె వేసి రాసేది ఎప్పుడూ తల్లిదండ్రులే. పిల్లలు రాస్తే "చాలా అయ్యాయి సార్" అని వదిలేస్తారు. అంటే ఇంట్లో ఒకరు లెక్క పెడుతున్నారు, ఆ సంగతి అమ్మాయికీ తెలుసు. ప్రతి ఇంటర్వ్యూ తర్వాత తను రెండోసారి మీకు కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది. పోలిక తర్వాత చెబుతాను, ముందు ఈ 14 సంగతి చూద్దాం.

ఆ 14లో నిజంగా ఖాళీ ఉన్న ఉద్యోగాలు ఎన్నో మీకూ తెలియదు, అమ్మాయికీ తెలియదు. ఐటీలో కాంట్రాక్టు ఇంటర్వ్యూలు ఎలా నడుస్తాయో చెబుతాను. క్లయింటు, అంటే పని చేయించుకునే కంపెనీ, తనకు ఒక టెస్టర్ కావాలంటాడు. ఆ ఒక్క ఖాళీ కోసం నాలుగైదు కన్సల్టెన్సీలు మనుషుల్ని వెతుకుతాయి. ఒకే రెజ్యూమె రెండు కన్సల్టెన్సీల నుంచి వెళ్ళిందంటే, ఎవరి కమీషనో తేలని గొడవెందుకని క్లయింటు రెంటినీ పక్కన పెట్టేస్తాడు, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. ఇంకొన్నిసార్లు ప్రాజెక్టు ఇంకా చేతికి రాదు, మా దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారని చూపించుకోవడానికి ముందే ఇంటర్వ్యూలు చేసి పెట్టుకుంటారు. మరికొన్నిసార్లు మూడు రౌండ్లూ అయ్యాక, కంపెనీలోనే పని లేకుండా బెంచ్ మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు ఆ పనికి సరిపోతారు, అక్కడితో బయటివాళ్ళ సంగతి ఆగిపోతుంది. ఇక శనివారం వాక్-ఇన్‌ల గురించి చెప్పనక్కర్లేదు, మాదాపూర్‌లో పొద్దున తొమ్మిదింటికి టోకెన్ తీసుకుని సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. ఈ వేటిలోనూ మీ అమ్మాయి తప్పు లేదు. "హెచ్ఆర్ ఫోన్ చేస్తారు" అని చెప్పి చేయకపోవడం మర్యాద కాదు. కానీ దాన్ని అమ్మాయి తెలివి మీద తీర్పుగా మాత్రం తీసుకోకండి.

అలాగని మొత్తం బయటివాళ్ళ తప్పే అనను. తన చేతిలో ఉన్నవి రెండున్నాయి. ఒకటి, ఏ కన్సల్టెన్సీ ఏ కంపెనీకి రెజ్యూమె పంపుతోందో తను ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. క్లయింటు పేరు చెప్పకుండా "ప్రొఫైల్ పంపేస్తాం మేడమ్" అంటే వద్దనాలి. రెండోది మన పిల్లలందరిలో చూస్తున్నాను. ఏం చేశావమ్మా అంటే "మా టీమ్ చేసింది, మేము టెస్ట్ చేశాం" అంటారు. వినయంగానే అంటారు, మనమే అలా పెంచాం, నేను అని ముందుకు రాకూడదని. కానీ అవతల కూర్చున్నవాడు నువ్వు ఏం చేశావు అని వింటున్నాడు. నువ్వు పట్టుకున్న ఒక బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) ఏంటి, ఎలా పట్టుకున్నావు, డెవలపర్ అది బగ్గే కాదంటే ఎలా నిరూపించావు, ఇవి "నేను" అనే చెప్పాలి. ఈ ఒక్క కథ గట్టిగా తయారు చేసుకుంటే చాలావరకు పని జరుగుతుంది. 7 నెలల ఖాళీ గురించి అడిగితే రెండు వాక్యాలు చాలు: ప్రాజెక్టు ఫలానా నెలలో ముగిసింది, అప్పటి నుంచి ఇది నేర్చుకుంటున్నాను. అంతకంటే ఎక్కువ చెబితే తప్పు చేసి సంజాయిషీ ఇస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు మీ పర్మనెంట్ సంగతి. కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి.

మీరు పర్మనెంట్ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఆర్టీసీ ఉద్యోగమో, బ్యాంకు ఉద్యోగమో, టీచరు ఉద్యోగమో. చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదని. ప్రైవేటు ఐటీలో ఆ మాటకి అర్థం అది కాదు. అక్కడ పర్మనెంట్ అంటే కంపెనీ సొంత పేరోల్ (జీతాల పట్టిక) మీద ఉండటం, మానేయాలన్నా తీసేయాలన్నా చాలాచోట్ల రెండు మూడు నెలల నోటీసు, అంతే. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో "మావాడు పర్మనెంట్" అని చెప్పుకుని ఉంటారు? సంబంధం వాళ్ళు అడిగారని మీరు ఆ మాటకి అంత విలువ కట్టి, చేతికొచ్చిన పనిని అమ్మాయి చేత వద్దనిపిస్తే, రేపు 7 నెలల ఖాళీ కాస్తా 11 నెలలవుతుంది. అప్పుడు ఆ సంబంధం వాళ్ళు వచ్చి ఇంటర్వ్యూలో కూర్చోరు, తనే కూర్చోవాలి. అసలు మీ ఉత్తరంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యమైనా లేదు, మీరు గమనించారో లేదో.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పర్మనెంట్ ఆఫర్ ఇప్పుడు చేతిలో లేదు, లేనిదాన్ని ఉన్నదానితో పోల్చి లాభం లేదు. కాంట్రాక్టులో చూడాల్సింది జీతం ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు అన్నది. పేరోల్ మీద జీతంగా వేసి పీఎఫ్ కడితే అది ఉద్యోగమే. తన వాటా 12 శాతం, యాజమాన్యం వాటా 12 శాతం, నెలనెలా ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి పడిందో లేదో తనే చూసుకోవచ్చు. అలా కాకుండా ప్రొఫెషనల్ ఫీజు అని 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి చేతికిస్తే పీఎఫ్ ఉండదు, దాన్ని నేను అంత తేలిగ్గా ఒప్పుకోమనను. పీఎఫ్ డబ్బు కోసమే కాదండి. రేపు ఏ కంపెనీ అయినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) మీద ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావో చూస్తుంది, అదే అనుభవానికి అసలు సాక్ష్యం. (ఎవరైనా నాలుగేళ్ళ అనుభవం ఉన్నట్టు పెట్టుకోమని సలహా ఇస్తే వాళ్ళని ఇంటి గుమ్మం కూడా తొక్కనివ్వకండి. దొంగ అనుభవ పత్రాలతో చేరినవాళ్ళని తీసేశామని 2022లో యాక్సెంచర్ బహిరంగంగానే చెప్పింది.) గ్రాట్యుటీకి ఐదేళ్ళు నిండాలన్నది పర్మనెంట్ వాళ్ళ లెక్క. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకి, అంటే ఇంత కాలానికని రాసి తీసుకున్నవాళ్ళకి, ఏడాది చేస్తేనే అర్హత పెట్టారు, నియామక పత్రం ఇవ్వడం కూడా తప్పనిసరి చేశారు. ఇక కంపెనీలోకి తీసుకుంటామన్న మాట కాగితం మీద లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తీసుకుంటే సంతోషం, తీసుకోకపోయినా రెండేళ్ళ అనుభవం మూడేళ్ళవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగినా, డిపాజిట్ పేరుతో డబ్బు అడిగినా మాత్రం మాట కూడా మాట్లాడకుండా వచ్చేయమనండి.

అసలు నాకు భయమేస్తున్నది మీ మూడో దారి గురించి. ఏఐ వస్తోంది నిజం, పని మారుతోంది నిజం. కానీ నాలుగు నెలల కోర్సు చేస్తే ఏఐ ఇంజనీరు ఉద్యోగం వస్తుందన్నది నేను నమ్మలేకపోతున్నాను. కొన్నేళ్ళ కిందట డేటా సైన్స్ ఊపులో ఉన్నప్పుడు నేనూ కొందరికి ఆ దారి చెప్పాను. వాళ్ళలో నిలదొక్కుకున్నది అప్పటికే ఉద్యోగంలో ఉండి, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) మీద రోజూ పనిచేస్తూ, అదే కంపెనీలో లోపల్నుంచి మారినవాళ్ళు. ఉద్యోగం లేకుండా కోర్సు నుంచి నేరుగా వెళ్ళినవాళ్ళు నెలలు నెలలు తిరిగారు. ఆ పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎందుకు తిరిగారంటే అందరి రెజ్యూమెలోనూ అవే ప్రాజెక్టులు, టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఇల్లు ధర ఎంత పలుకుతుంది. ఇంటర్వ్యూ చేసేవాడు అదే ప్రాజెక్టు పొద్దున్నుంచి ఆరోసారి వింటుంటాడు. పైగా మీ అమ్మాయి అక్కడ ఫ్రెషర్ అవుతుంది, కష్టపడి సంపాదించుకున్న రెండేళ్ళూ సున్నా అవుతాయి.

ఆ లక్షన్నర మీ దగ్గర రొక్కంగా ఉందా, లేక ఈఎంఐ పెడతామన్నారా? చాలాచోట్ల ఫీజు అనేది నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు, సంతకం మీది. కోర్సు నచ్చక మధ్యలో మానేసినా వాయిదా ఆగదు. కౌంటర్ దగ్గర జాబ్ గ్యారంటీ అంటారు, కాగితంలో ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంటుంది. రెండిటికీ తేడా ఎంతో ఆ కాగితం మీద సంతకం పెట్టాక తెలుస్తుంది.

దానికంటే తనకున్న టెస్టింగ్ మీదే ఒక మెట్టు ఎక్కడం మంచిది. మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే ఉన్నవాళ్ళకి పిలుపులు తగ్గాయి, అది నిజం. టెస్టులు వాటంతటవే నడిచేలా చేసే సెలీనియం కానీ ప్లేరైట్ కానీ ఒకటి, పోస్ట్‌మ్యాన్ అనే టూల్‌తో ఏపీఐ టెస్టింగ్ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో సరిగ్గా మాట్లాడుతోందా అని చూడటం), ఎస్‌క్యూఎల్. నేర్చుకోవడానికి వీటికి లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి గంటన్నర కూర్చుంటే నాలుగైదు నెలల్లో చేతికి వస్తాయి. ఏఐ టూల్స్ కూడా ఆ పనిలోనే వాడటం అలవాటు చేసుకుంటుంది, దానికి వేరే కోర్సు అక్కర్లేదు.

ఇంకో మాటండి. 2022 బ్యాచ్ పిల్లల అదృష్టం బాగాలేదు. పెద్ద కంపెనీల ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని రెండేళ్ళ దాకా పిలుపు కోసం ఎదురుచూసినవాళ్ళు ఆ బ్యాచ్‌లో ఉన్నారు. అలాంటి సమయంలో మీ అమ్మాయి ఊరుగాని ఊళ్ళో హాస్టల్లో ఉండి రెండేళ్ళు పనిచేసింది. 13 సార్లు కాదనిపించుకుని, పద్నాలుగోసారి కూడా ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళింది. నాకైతే ఆ పిల్ల గురించి భయం లేదు. సంబంధం వాళ్ళు అడిగితే "ఐటీలో టెస్టింగ్ ఇంజనీరు" అని చెప్పండి, అబద్ధం కాదు. కాంట్రాక్టా అని గుచ్చి అడిగితే అవునని చెప్పండి. ఆ ఒక్క మాటకి వెనక్కి వెళ్ళేవాళ్ళు ముందే వెళ్ళిపోవడం మేలు. ఇంటర్వ్యూ రోజున సాయంత్రం మీరు ఫోన్ చేయకండి, చెప్పాలనిపిస్తే తనే చేస్తుంది.

శుక్రవారం దాకా టైముంది కాబట్టి రేపే అమ్మాయి చేత ఆ కన్సల్టెన్సీకి మెయిల్ పెట్టించండి. ఫోన్లో వద్దు, మెయిలే. పేరోల్ ఎవరిది, పీఎఫ్ కడతారా, ప్రాజెక్టు మధ్యలో ఆగితే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ఈ మూడే. మూడింటికీ సూటిగా జవాబు వస్తే, తనకీ ఇష్టమైతే, శుక్రవారం దాకా కూడా ఆగకుండా సరేననమనండి. దాటవేస్తే ఆ మెయిల్ నాకు పంపండి, ఏం రాయాలో చెబుతాను.