హాస్టల్లో నీళ్లు, కరెంటు పొదుపుగా వాడే అలవాటు నిలబడుతుందా?

వైజాగ్‌లో ఇంజనీరింగ్‌లో చేరుతున్నానని, హాస్టల్లో ఉంటూ నీళ్లు, కరెంటు, ప్లాస్టిక్ తక్కువగా వాడటం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. కానీ పట్టుదలను నమ్ముకుంటే నెల తిరక్కుండానే గాలికి పోతుంది. ఏర్పాటంటూ ఒకటి ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను ఇక్కడ హాస్టల్లోనే ఉన్నాను. ఆ ఆదివారం గాలికి మా గది కిటికీ రెక్క ఊడిపోయింది, ఆవరణలో చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. ట్యాంకర్ వస్తే బకెట్లు పట్టుకుని పరుగే. మనిషికి ఒక బకెట్. టబ్బులో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్లే లెట్రిన్‌లో పోసేవాళ్లం. మెస్‌లో పప్పన్నమే పెట్టినా కంచంలో మెతుకు మిగిలేది కాదు. ఇకమీదట ఇలాగే ఉందామని అందరం గట్టిగా అనుకున్నాం. కరెంటు వచ్చాక చూస్తే, పళ్లు తోముకున్నంతసేపూ కుళాయి వదిలేసి కబుర్లాడేవాళ్లు మళ్లీ మామూలే.

నిలిచింది ఒక్కటే. మామూలు ఆర్‌వో మిషన్ లీటరు మంచినీళ్లివ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. మా అంతస్తులో వరండాలు తుడిచే అక్క ఆ వేస్టు పైపు కింద ఒక నీలం డ్రమ్ము పెట్టింది. వరండాలు, బాత్రూములు ఆ నీళ్లతోనే కడిగేది. మేమూ బట్టలు నానబెట్టడానికి అక్కడే బకెట్ ముంచుకునేవాళ్లం. కుళాయికన్నా డ్రమ్ము దగ్గర, అంతే. ఎవరూ పోస్టర్ అంటించలేదు, ఎవరూ క్లాసు పీకలేదు. నేను చదువు ముగించి వెళ్లేదాకా అది అక్కడే ఉంది.

కరెంటు సంగతికొస్తే, వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమని పిల్లలకు చెప్పడం అన్యాయం. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 వాట్లు చాలు. ఆ ఫ్యాన్లు మార్చాల్సింది మేనేజ్‌మెంటే.

నాకు అన్నిటికన్నా కడుపు మండేది మెస్ దగ్గర. పొద్దున్నే గరిటెడు ఉప్మా అడక్కుండానే పడేస్తారు. సగం తిని సగం డస్ట్‌బిన్‌లో వేసి, రాత్రికి బిర్యానీ పార్సిల్ తెప్పించుకుంటారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు దేశమంతా నిషేధం, కానీ ఆ బిర్యానీ వచ్చే డబ్బా నిషేధ జాబితాలోనే లేదు. మెస్‌లో తిండి తినేలా ఉంటే ఆ డబ్బాలు సగానికి సగం తగ్గుతాయని ఘంటాపథంగా చెబుతాను. మెస్ కమిటీలో చేరండి. "కొంచెం వేయండి, కావాలంటే మళ్లీ వస్తాం" అనే పద్ధతి పెట్టించండి.

చేరిన రోజే ఆర్‌వో పైపు ఎటు పోతోందో చూడండి. కాలువలోకి పోతుంటే వార్డెన్ గారిని డ్రమ్ము అడగండి. ఇవ్వకపోతే గదికింత అని చందా వేసుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లి మీరే కొనేయండి.