ఇంగ్లీషు సందేహాలు: ‘గెట్’ తర్వాత ఏముంది?

నిఘంటువులో ‘గెట్’కు పేజీల కొద్దీ అర్థాలున్నాయి. అన్నీ బట్టీ పట్టాల్సిందేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

అక్కర్లేదు. ‘గెట్’ పక్కన ఏ మాట ఉందో చూడండి, అర్థం చాలావరకు అక్కడే తేలిపోతుంది. నామవాచకం ఉంటే అందడం, దొరకడం, తెచ్చిపెట్టడం: ‘ఐ గాట్ ఎ లెటర్’ (ఉత్తరం అందింది), ‘గెట్ మి సమ్ వాటర్’ (కాసిని నీళ్లు తెచ్చిపెట్టు). విశేషణం ఉంటే మారడం: ‘ద టీ ఈజ్ గెటింగ్ కోల్డ్’ (టీ చల్లారిపోతోంది). బడిలో వి3 అని నేర్పే క్రియారూపం ఉంటే ఏదో జరగడం: ‘హి గాట్ హర్ట్’ (దెబ్బ తగిలింది).

‘టు’ దగ్గరే జాగ్రత్త. దాని వెనక ఊరి పేరుంటే చేరడం: ‘వి గాట్ టు వరంగల్ ఎట్ నైన్.’ హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు; ‘గెట్ టు హోమ్’ తప్పు. ‘టు’ వెనక క్రియ ఉంటే వీలు చిక్కడం: ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలిసే అవకాశం దక్కింది. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హర్’ అంటే కలిసి తీరాలి. ఒక్క ‘హావ్’ తేడాతో జరిగిపోయిన పని జరగాల్సిన పనైపోతుంది. మాటల్లో ఆ ‘హావ్’ను మింగేస్తారు కనుక వినేటప్పుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి.

‘ఐ గాట్ యాంగర్’ తప్పన్నారు. మరి జ్వరానికి ‘గాట్ ఎ ఫీవర్’ ఎలా ఒప్పయింది?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

మంచి ప్రశ్న. తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కోపం, నిద్ర, విసుగు, నీరసం మన భాషలో నామవాచకాలు. అవి ‘నాకు’ వస్తాయి. ఇంగ్లీషులో అవి రావు, మనిషే అలా అవుతాడు. అందుకే నామవాచకం తీసేసి విశేషణం పెట్టాలి: ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’, ‘ఐ యామ్ గెటింగ్ హంగ్రీ’. బోర్ కొడుతోంది అనడానికి ‘గెటింగ్ బోర్డ్’ అనాలి. ‘బోరింగ్’ అంటే మీరే అవతలివాళ్లకు విసుగు పుట్టిస్తున్నారని!

జ్వరం, జలుబు, తలనొప్పి ఇంగ్లీషులోనూ మనిషికి పట్టుకునేవే కనుక నామవాచకాలుగానే ఉంటాయి. ‘ఎ’ వదలకండి: ‘ఐ హావ్ గాట్ ఎ కోల్డ్’.

ఇంకో చిక్కు: ‘నాకు హిందీ రాదు’ను ‘ఐ డోంట్ గెట్ హిందీ’ అనకూడదు. అక్కడ ‘గెట్’కు బోధపడటం అనే అర్థం వస్తుంది. ‘ఐ డోంట్ నో హిందీ’ అనండి.

‘ఐ కట్ మై హెయిర్’ అంటే ‘నువ్వేనా కత్తిరించుకున్నది?’ అని అడిగారు. ఎలా చెప్పాలి?
– ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

‘ఐ గాట్ మై హెయిర్ కట్.’ తెలుగులో క్షవరం చేయించుకున్నా చాలామంది ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అనే అంటారు. ఇంగ్లీషు అంత ఉదారంగా ఉండదు. తెలుగులో ‘చేయించుకోవడం’ అనగలిగిన చోటల్లా గెట్, వస్తువు, వి3 ఈ వరసలో రావాలి: ‘గెట్ ద ఫోన్ రిపేర్డ్’, ‘గెట్ ద బ్లడ్ టెస్టెడ్’. వరస తప్పి ‘ఐ గాట్ రిపేర్డ్ ద ఫోన్’ అంటే వాక్యమే చెడుతుంది.

చేసే మనిషిని చెప్పాలంటే ‘టు’ తప్పనిసరి: ‘ఐ గాట్ హిమ్ టు సైన్.’ నచ్చజెప్పి సంతకం పెట్టించాననే ధ్వని ఇందులో ఉంది. ‘ఐ మేడ్ హిమ్ సైన్’లో ‘టు’ రాదు, బలవంతం కనిపిస్తుంది. ఆఫీసు మెయిల్లో ఈ రెండో వాక్యం రాసేముందు ఆలోచించండి.

బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ అనకూడదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బ్రిటన్, అమెరికాల్లో బస్సు, రైలు, విమానం, బైకు అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగిన వాహనానికీ, కాళ్లు చెరోవైపు వేసి కూర్చునేదానికీ ‘ఆన్’ అని గుర్తు పెట్టుకోవచ్చు. ‘గెట్ డౌన్’ చెట్టు, నిచ్చెన దిగడానికి సరిపోతుంది. ఎవరైనా గట్టిగా ‘గెట్ డౌన్!’ అని అరిస్తే వంగమనో, నేల మీద పడుకోమనో హెచ్చరిక.

మేం చదివింది గెట్–గాట్–గాట్. అమెరికాలో ఉన్న మనవడు ‘గాటెన్’ అంటున్నాడు. తప్పు కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

తప్పు కాదండీ. ‘గెట్’ పాత స్కాండినేవియా భాషలోని ‘గెటా’ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ‘గాటెన్’ ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉన్న రూపమే. బ్రిటిషువాళ్లు క్రమంగా వదిలేశారు, అమెరికన్లు ఉంచుకున్నారు. ‘ఫర్‌గాటెన్’ మాత్రం ఇద్దరిదీ.

అమెరికాలో ఈ రెండు రూపాలకూ అర్థభేదం ఉంది. ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉంది. ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే సంపాదించాను, కొనుక్కున్నాను. చలి పెరిగిందని చెప్పడానికి అక్కడ ‘ఇట్ హాజ్ గాటెన్ కోల్డ్’ అంటారు. ఇక్కడి పరీక్షల్లో పిల్లల చేత మీరు చదువుకున్న ‘గాట్’ రాయించండి. ఒకే వ్యాసంలో రెండు పద్ధతులూ కలపనివ్వకండి.