ముత్తాతను వెతుకుతున్న యువ రచయితకు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, మొదటి అధ్యాయం అందాయి. చంద్రగిరి దగ్గరి పల్లెలో మీ ముత్తాత బతికిన తీరును నవలగా రాయాలన్న నీ పట్టుదల చూసి సంతోషించాను. 1901 జనాభా లెక్కల్లో ఆయన పేరు ఎక్కడ చూడవచ్చని అడిగావు. ఆ పేరు దొరకదు నాయనా. అప్పటి లెక్కల్లో మనకు మిగిలినవి పట్టికలే, ఇంటింటి చీటీలు కావు. బ్రిటన్‌లో 1921 నాటి పేర్లను నూరేళ్లు దాటాక, 2022లో, అందరికీ తెరిచారు. మన 1948 జనగణన చట్టమైతే ఆ రికార్డులను చూసే హక్కే ఎవరికీ ఇవ్వలేదు.

అందుకే ఏ కాగితం పట్టుకున్నా, దాన్ని ఎవరు ఏ అవసరానికి రాశారో ముందు అడుగు. ఎవరి పేర్లు అందులో ఉంటాయో, ఎవరివి ఉండవో అప్పుడే తెలుస్తుంది. మద్రాసులో అచ్చయిన పాత డైరెక్టరీలు అధికారులకూ దొరలకూ వర్తకులకూ ఉద్దేశించినవి. మీ ముత్తాత వంటి రైతు వాటిలో కనిపించడు. శిస్తు కోసం రాసిన లెక్కల్లో కనిపిస్తాడు. ఒక జాగ్రత్త: 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లా లేదు. చంద్రగిరి అప్పట్లో ఉత్తర ఆర్కాటులో ఉండేది, మదనపల్లె కడపలో ఉండేది. పాత జిల్లా పేరు చెప్పకపోతే ఆర్కైవ్స్‌లో నీకు తప్పు కట్ట తెచ్చి ఇస్తారు. కాళహస్తి, కార్వేటినగరం వైపు పల్లెలైతే జమీందారీ లెక్కలు వెతకాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత దస్తావేజులు. ఫలానావారి కుమారుడు ఫలానా, కాపురం ఫలానా గ్రామం అని మొదలవుతాయి కనుక ఒక్క కాగితంలోనే రెండు తరాలు దొరుకుతాయి. చెక్కుబంది మాత్రం దాటవేయకు. తూర్పున ఎవరి చేను, పడమట ఏ వంక, ఉత్తరాన ఎవరి బావి అన్నది అందులో ఉంటుంది. అడుగున సాక్షుల పేర్లు ఉంటాయి. మీ ముత్తాత ఎవరితో గట్టు తగాదా పడి ఉంటాడో, అప్పు కావలసివస్తే ఎవరి గడప తొక్కి ఉంటాడో నవలాకారుడికి అక్కడే తోస్తుంది. భాగపరిష్కార దస్తావేజు దొరికితే ఇంకా మంచిది. అన్నదమ్ములు ఇంటి గదులనూ చింతచెట్టు ఫలసాయాన్నీ ఎలా పంచుకున్నారో అందులో చదవవచ్చు.

భూమి లేనివాళ్లను ఈ కాగితాలు పట్టించుకోలేదు. మీ ముత్తాత తమ్ముడు మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లాడని మీ ఇంట్లో అనుకుంటారని రాశావు కదా. 1860 నుంచి 1911 వరకు అక్కడికి వెళ్లిన ఒప్పంద కూలీల ఓడ జాబితాలు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటిమీది మచ్చలు కూడా రాశారు. సొంత ఊళ్లో ఏ పట్టాకూ ఎక్కని మనిషిని పారిపోతే పట్టుకోవడానికి వీలుగా అంత వివరంగా రాసుకున్నారు. ఆ వరసలు చదివిన ప్రతిసారీ నాకు కోపమూ దుఃఖమూ కలుగుతాయి. నువ్వు చదివేటప్పుడు నీకేమనిపించిందో అదే రోజు రాసిపెట్టుకో, ఆ అధ్యాయానికి అది కావాలి.

మీ ముత్తాత తల్లికి నువ్వొక అందమైన పేరు పెట్టావు. కల్పన అయితే తప్పులేదు, ముందుమాటలో ఆ సంగతి చెప్పు. కానీ మీ ఇంట్లో తద్దినాలు పెట్టే పెద్దాయన ఉన్నారన్నావు. తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, తాత తల్లి పేర్లు కూడా ఆయన తర్పణాల్లో చెబుతారు. ఏ సర్కారు కచేరీకీ అక్కరలేని ఆడవాళ్ల పేర్లు ఆయనకు నోటికి వచ్చు. ఆయనకు కూడా గుర్తులేని పై తరానికి వెళ్లాకే కల్పన చెయ్యి. ముందు ఆయన దగ్గర కూర్చుని ఆ పేర్లు రాసుకో. రెండో అధ్యాయం ఆ తర్వాత పంపు.