పొట్టి చేతులు, పెద్ద కుక్క

బుజ్జీ,

గ్రేట్ డేన్ కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పిన వెంటనే "నువ్వయినా చెప్పక్కా" అంది. వద్దని చెప్పమని దాని భావం. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ పిచ్చి నీకు అంటించిందే నేను. మూడేళ్ళప్పుడు మా కుక్క చిట్టిగాడి పొట్ట మీద తలపెట్టుకుని నిద్రపోయిన పిల్లవి నువ్వు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మురిసిపోయాను. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. చొంగ గోడలకి కూడా అంటుతుంది. తోక ఊపితే బల్ల మీద గ్లాసు మిగలదు. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారతాయి, ఏదైనా పరుచుకో. మందయినా మత్తయినా బరువును బట్టే ఇస్తారు కాబట్టి వైద్యం ఖర్చు చిన్న కుక్కకయ్యేదానితో పోల్చుకోకు. గొలుసు పట్టుకుని నిన్ను ఈడ్చుకుపోయే అలవాటు 15 కిలోలప్పుడే మాన్పించు, 60 అయ్యాక నీ వల్ల కాదు.

తిండి గురించి కాస్త గట్టిగా చెప్పాలి. పుట్టినప్పుడు అరచేతిలో పట్టే ప్రాణి ఏడాది తిరిగేసరికి మనిషంత బరువవుతుంది. ఎముకలు కుదురుకోవడానికి మాత్రం ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. బలమొస్తుందని విడిగా కాల్షియం పొయ్యకు. ఎదిగే వయసులో అది ఎక్కువైతే ఈ జాతుల ఎముకలే పాడవుతాయి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండే పెట్టు. పక్కటెముకలు చేతికి తగిలేలా సన్నగా పెంచు. "పాపం, దాని కడుపు మాడుస్తున్నావా" అంటారు. అననీ. అందరికంటే ముందు మీ అమ్మే అంటుంది.

ఇంకొకటి. ఇవి సాధారణంగా 7 నుంచి 10 ఏళ్ళే బతుకుతాయి. నీకిప్పుడు 26. లెక్క నువ్వే వేసుకో, నాకు రాయడానికి చెయ్యి రావడం లేదు.

చిట్టిగాడు జబ్బు చేసి పోయాడని చెప్పానే, అది సగమే నిజం. ఒళ్ళో పట్టాడని ఆ పేరు పెట్టాను. ఐదేళ్ళు వచ్చేసరికి 68 కిలోలు. ఆ రాత్రి మీ పెదనాన్న ఊళ్ళో లేరు. పూటకింత అని పెట్టకుండా నేను రోజుకొక్కసారే గిన్నెడు పెట్టేదాన్ని, వాడు గబగబా మింగేసేవాడు. పది గంటలకి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. పడుకుంటాడు, లేస్తాడు, వెనక్కి తిరిగి తన పొట్టకేసే చూసుకుంటాడు. వాంతి చేసుకోబోతాడు, నురగ తప్ప ఏమీ రాదు. అజీర్ణం అనుకున్నాను. పొద్దున్నకి సర్దుకుంటుందిలే అని దీపం ఆర్పి పడుకున్నాను కూడా.

పన్నెండింటికి లేచి చూస్తే పొట్ట డప్పులా బిగిసిపోయి ఉంది. డాక్టరుకి ఫోన్ చేస్తే, కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగిపోయింది, రక్తం ఆడటం లేదు, ఉన్నపళంగా తీసుకురమ్మన్నాడు. ఎలా తీసుకెళ్ళను? కారు ఇరవై అడుగుల దూరంలో ఉంది. వాడి ఛాతీ కింద చేతులు పెట్టి లేపితే తల మాత్రం లేచింది, నా మణికట్టు నాకాడు. ఒళ్ళు కదల్లేదు. పక్కిళ్ళ తలుపులు కొట్టి ఇద్దర్ని లేపుకొచ్చాను. దుప్పటి మీదకి జరిపి మొయ్యాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. తలోకాలూ పట్టుకుంటే వాడు పెట్టిన కేక ఇప్పటికీ వినపడుతుంది. ఒంటిగంట దాటాక చేరాం. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

పది నుంచి పన్నెండు దాకా పోయిన టైము నా తెలివితక్కువ. అది నువ్వు చెయ్యవు, ఎందుకంటే ఉత్తి డోకులూ ఉబ్బిన పొట్టా కనిపిస్తే ఇంక ఆలోచించకుండా బయల్దేరాలని ఇప్పుడు నీకు తెలుసు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే కడుపును లోపలి గోడకి కలిపి కుట్టమని కూడా డాక్టరుని అడుగు. ఉబ్బడం ఆగకపోవచ్చు గానీ మెలి పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. పన్నెండు తర్వాత పోయిన టైము వేరు. అది నా చేతుల్లో లేని బలం. నీ చేతులూ నావే కదే పొట్టిదానా.

అందుకే ఇల్లు ఎంత పెద్దదని నేను అడగను. మెట్లెన్ని? నువ్వు ఆఫీసుకెళ్ళాక ఇంట్లో ఎవరు? మోకాళ్ళు అరిగిన మీ అమ్మ. ప్రేమొస్తే మనిషి మీదకి ఒరిగిపోయే జాతి ఇది, మొత్తం బరువు నీ మీద వేసి కళ్ళు మూసుకుంటుంది. మీ అమ్మ మీద వేస్తే?

ఆదివారం తమ్ముడొస్తాడుగా. నేల మీద దళసరి దుప్పటి పరిచి వాణ్ణి పడుకోబెట్టు, కదలొద్దను. మీ అమ్మని చెయ్యి వెయ్యనివ్వకు. అర్ధరాత్రి తలుపు కొడితే విసుక్కోకుండా వచ్చేవాళ్ళు పక్కిళ్ళలో ఎవరున్నారో వాళ్ళని పిలుచుకో. లిఫ్ట్ లేదనుకుని మెట్ల మీదుగా కారు దాకా మొయ్యండి. మోస్తే ఫోన్ చెయ్యి, పిల్లని చూడ్డానికి నేనూ వస్తాను, దాని తల్లిదండ్రుల గుండె పరీక్షల కాగితాలు అడగాలి. మొయ్యలేకపోయినా చెయ్యి.

పెద్దమ్మ