రేవు పక్క స్థలం రిసార్టుకి ఇవ్వమంటారా?

ప్రశ్న: మాది కోరంగి మడ అడవుల పక్కన చిన్న మత్స్యకార గ్రామం. ఆదివారం వస్తే కాకినాడ వైపు నుంచి కార్లలో జనం దిగుతున్నారు. ఒకాయన రేవు పక్క స్థలం లీజుకిస్తే కాటేజీలు కట్టి మా కుర్రాళ్లకి ఉద్యోగాలిస్తానంటున్నాడు. పెద్దలు మొగ్గుతున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– తాళ్లరేవు మండలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవ్వొద్దండి. ఉద్యోగాలంటే ఏవో ముందు అడగండి. గేటు దగ్గర కాపలా, గదులు తుడవడం అయితే లాభం ఆయనకి, జీతం మీకు. అయినా వచ్చేవాళ్లు ఏసీ గది కోసం రావట్లేదు కదా, అది కాకినాడలోనే దొరుకుతుంది. ఏ పాయలోకి పోటు ఎప్పుడు ఎక్కుతుందో, పాటు తీశాక బురదలో మండపీత బొరియ ఎలా గుర్తుపట్టాలో, నీటికుక్కలు ఏ గట్టున కనిపిస్తాయో చెప్పగలిగింది మీవాళ్లే, జనం డబ్బిచ్చేది దానికే.

మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లాలో వేలాస్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ తాబేలు గుడ్లు దొంగతనంగా పోయేవి. 2002లో సహ్యాద్రి నిసర్గ మిత్ర అనే సంస్థ ఊరివాళ్లతో కలిసి వాటిని కాపాడడం మొదలుపెట్టింది. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడ్డానికి వచ్చేవాళ్లకి ఊరివాళ్లే తమ ఇళ్లలో బస ఇచ్చి, ఇంటి వంటే పెడతారు. మీ దగ్గర పండుగప్ప పులుసు, పీతల ఇగురు ఉండగా వేరే మెనూ ఎందుకు?

చట్టమూ చూసుకోండి. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో మడ అడవులు అన్నిటికన్నా కఠినమైన 1ఏ కేటగిరీలో ఉన్నాయి, పక్కన కట్టడమంటే తేలిక కాదు. అదే ఉన్న ఇల్లు మార్చకుండా స్థానికులు హోంస్టే నడుపుకోవడానికి ఆ నిబంధనల 2019 నోటిఫికేషన్‌లో వీలుంది. కోరంగి అభయారణ్యం లోపల బోటు తిప్పాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి తప్పదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను, చేపల వేట మానేయకండి. వలస పక్షులు, వాటిని చూసే జనం వచ్చేది చలికాలంలో. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే మీకు చేతిలో డబ్బాడని ఆ 61 రోజులూ మండుటెండలే, టూరిస్టులు పెద్దగా రారు. చలికాలం రాబడిలో కొంత తీసి ఆ రోజులకి పక్కన పెట్టుకుంటేనే ఈ టూరిజం పనికొస్తుంది. బోట్లు పాయల్లో నెమ్మదిగా వెళ్లాలి, ఇంజన్ స్పీడు పెంచితే అలలు గట్టుని కోసేస్తాయి. బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయే, ఆ శ్వాస వేళ్లకి నీళ్ల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు చుట్టుకుంటే చెట్టుకి ఊపిరాడదు. రోజుకి ఎన్ని బోట్లో, ఎంతమందో ఊరే కూర్చుని తేల్చుకోవాలి.

పెద్దలు అప్పటికీ లీజే కావాలంటే కాగితం గ్రామసభలో చదివించండి. ఎన్నేళ్లకి, రేవుకి దారి ఎవరిది, వలలు ఆరేసుకునే చోటు మిగులుతుందా అన్నవి రాతలో లేకుండా సంతకం పెట్టనివ్వకండి.